సగంలో ఆగిన షట్టరు

ఆ ఉదయం అద్దాలాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వీధిలో అందరికంటే ముందు కళ్ళజోళ్ళ షాపు తెరవాలి. గాజు బీరువాలు తుడవాలి. వెనక గదిలో పరీక్ష కుర్చీ మీద పేరుకుపోయిన అట్టపెట్టెలు తీసేయాలి. పదకొండు గంటలకు పెద్దాయన వచ్చేసరికి తను బల్ల వెనక కూర్చుని ఎవరిదో కళ్ళజోడు మర బిగిస్తూ కనిపించాలి. తన కోసమే కాచుకుని కూర్చున్నాడని అనిపిస్తే పెద్దాయనకు లోకువ.

పెద్దాయన ఆ వీధిలో సగం భవనాలకు యజమాని. ఓడరేవు గేటు దగ్గర మొదలై గడియార స్తంభం దగ్గర ఆగే ఆ వీధిని ఊరంతా సెంటర్ అంటారు. పైన బ్యాంకులు, బీమా ఆఫీసులు, ఓడల ఏజెంట్ల గదులు. కింద దుకాణాలు. అద్దాలాయన షాపును ఆనుకుని మూల గది ఒకటి కొన్నాళ్ళుగా ఖాళీగా ఉంది. అది ఎవరికివ్వాలో ఆ రోజు వచ్చి, చూసి చెప్తానని పెద్దాయన అన్నారు.

ఆ గది అద్దాలాయనకు కూతురి కోసం కావాలి. ఆమె కంటి పరీక్షల చదువు ముగించి వచ్చింది. వేరే ఊరి ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామని, ఆ సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమని అన్నారు. "ఇక్కడ గది దొరికితే ఇక్కడే నాన్నా. లేదంటే బస్సుకి టికెట్టు తీసేస్తా" అని ఆమె తేల్చేసింది. వెళ్ళొద్దని అడగడం అద్దాలాయనకు చేతకాలేదు. "ఆ మూల గదికి గాలి బాగా తగుల్తుందమ్మా" అని మాత్రం ఆ వారమంతా అంటూనే ఉన్నాడు.

చిక్కేమిటంటే, అదే గది ఎదురు వరసలో బూట్లాయనకూ కావాలి. ఆయనకు గాలితో పనిలేదు. బూట్ల డబ్బాలు పెట్టుకోవడానికి.

అద్దాలాయన తాళం తీసి షట్టరు ఎత్తాడు. అది నడుము దాకా లేచి ఆగింది. ఇంకాస్త ఎత్తబోతే లేవలేదు. పోనీ దించుదామంటే దిగలేదు. సముద్రపు గాలికి ఆ వీధిలో తుప్పు పట్టనిది వర్తక సంఘం కార్యదర్శి గొంతు ఒక్కటే. షట్టరుకు భుజం ఆనించి తోశాడు. చొక్కాకు మరక అంటింది. షట్టర్ల మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

"అరగంటలో మీ ముందుంటా సార్" అన్నాడు మెకానిక్కు. ఆ మాట అతను ఊళ్ళో అందరికీ రోజూ చెప్పేదే.

అద్దాలాయన వంగి, మోకాళ్ళ మీద లోపలికి పాకాడు. చేతికర్రతో నడిచే పెద్దాయన ఇలా పాకగలరా అన్న ఆలోచన వచ్చింది. రాగానే దాన్ని పక్కకు నెట్టి వెనక గదిలోకి పోయి అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఆ వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. వీధిలో వ్యాపారం చేసిన మనిషి ఎవరైనా పోతే షట్టరు సగానికి దించుతారు. అందరికంటే ముందు దించేవాడు పోయినవాడికి బాగా దగ్గరివాడని లెక్క. అతన్ని చూసి పక్కవాడు దించుతాడు, ఇతన్ని చూసి ఆ పక్కవాడు. ఎవరు పోయారని మాత్రం అడగరు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టు. తెలియలేదంటే నీకు ఎవరూ చెప్పలేదని, చెప్పలేదంటే నువ్వు వాళ్ళకు ఏమీ కానివాడివని. అందుకని ముందు షట్టరు దించి, ముఖం వేలాడేసుకుని, నాలుగు మాటలు చెవిన పడేదాకా ఆగుతారు. ఈ పద్ధతి అంతవరకూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

తర్వాత తేలినదాన్ని బట్టి జరిగింది ఇది. బూట్లాయన వచ్చి తన షట్టరు పూర్తిగా ఎత్తి, ఎదురుగా చూసి, నాలుక కరుచుకుని సగానికి దించాడు. బూట్లాయనను చూసి మందుల షాపు దించింది. మందుల షాపును చూసి బ్యాంకు మేనేజరు, కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, వీధిలో వేరుపడిపోకూడదని బ్యాంకు షట్టరు కూడా దింపించాడు. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు బ్యాంకులోకి దణ్ణం పెడుతున్నట్టు వంగి వెళ్ళవలసివచ్చింది. పదిన్నర అయ్యేసరికి ఓడరేవు గేటు నుంచి గడియార స్తంభం దాకా ఒక్క షట్టరు కూడా నడుము దాటి లేచి లేదు.

ఇదేమీ తెలియని అద్దాలాయన, మెకానిక్కు వస్తున్నాడేమోనని పాకుతూ బయటికొచ్చి, నిలబడి, మోకాళ్ళు దులుపుకుని వీధిని చూశాడు.

ఎవరో పోయారు. వీధి మొత్తానికి తెలిసింది, తనకు తెలియలేదు. వెనక్కి తిరిగి తన షట్టరు వైపు చూసుకున్నాడు. అది సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇరుక్కుపోవడం ఎంత మేలైందో అనుకుని, దాని మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు.

బూట్లాయన రోడ్డు దాటి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు, పోటీ ఉంది.

"ఏం చేస్తాం బావా" అన్నాడు బూట్లాయన.

"ఏం చేస్తాం బావా" అన్నాడు అద్దాలాయన.

"మంచి మనిషి."

"మంచి మనిషే."

"వయసు కూడా మరీ..." అని బూట్లాయన అక్కడ ఆగాడు, మిగతాది ఇతను పూర్తి చేస్తాడని.

"వయసుదేముందిలే బావా" అన్నాడు అద్దాలాయన, ఎటూ తేలకుండా. "నిన్న కూడా బాగానే ఉన్నారట కదా?"

"ఆఁ, బాగానే ఉన్నారు. అదే అంటున్నా."

"ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో."

"ఎలా ఉంటారు?"

ఇద్దరూ తల ఊపుకుని, చేతికి ఏమీ చిక్కకుండా విడిపోయారు. ఒకటి మాత్రం అద్దాలాయన గమనించాడు. బూట్లాయన ఎప్పుడూ లేనిది తనను ఓదారుస్తున్నట్టు భుజం తట్టాడు.

పదకొండయింది. పెద్దాయన రాలేదు. పెద్దాయన ఒక చోటికి వస్తానంటే గడియారం కంటే ముందు వచ్చే రకం. ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. వీధి చివర ఆయన ఆఫీసు గదికి తాళం ఉంది. అద్దాలాయన ఈ మూడూ కలిపి చూసుకుని, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

కూతురు వచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"ఏంటి నాన్నా, వీధంతా ఇలా ఉంది? ఎవరు పోయారు?"

"నెమ్మదిగా! అలా అడక్కూడదు."

"అడక్కపోతే ఎలా తెలుస్తుంది?"

"పెద్దాయన" అన్నాడు గొంతు తగ్గించి.

"అయ్యో! ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అదే కదా బాధ. చెప్పడానికి ఎవరికీ నోరు రావట్లేదు."

ఆమె "మరి గది సంగతి?" అని అడగబోయి, ఇప్పుడు కాదనుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడం అద్దాలాయనకు వినబడింది. గది ఇక పెద్దాయన కొడుకులిద్దరి చేతుల్లోకి పోతుంది. ఆ కొడుకులు సాయంత్రాలు బూట్లాయనతో పేకాడతారు.

"బస్సు ఎన్నింటికమ్మా?" అన్నాడు.

"ఎనిమిదింటికి. ఇంకా టికెట్టు తీయలేదులే నాన్నా."

ఆ సమయానికి వర్తక సంఘం కార్యదర్శి దిగాడు. ఈయనకు సొంత మైకు సెట్టు ఉంది. అందుకని అందరూ మైకు అనే పిలుస్తారు. సెట్టు కొన్నప్పటి నుంచి ఊళ్ళో సభకు తగిన సందర్భం ఏదీ ఆయన వదిలిపెట్టలేదు.

"అన్నయ్యా, పన్నెండింటికి మన హాల్లో సంతాప సభ. తొలి ప్రసంగం నీదే."

"నాదేనా?"

"మరెవరిది? నీకంటే దగ్గరివాళ్ళు ఎవరున్నారు చెప్పు!" అన్నాడు మైకు. ఎవరికి దగ్గర అన్నది ఆయనకూ తెలియదు. అందరికంటే ముందు ఎవరి షట్టరు దిగిందో తెలుసు, అంతే. అద్దాలాయన మాత్రం ఈ వీధిలో పెద్దాయనకు తనే పాత కిరాయిదారు కాబట్టి అడిగాడనుకున్నాడు.

"ఫొటో?" అన్నాడు.

"ఇంటివాళ్ళు తెస్తారులే" అన్నాడు మైకు. తను చెప్పింది ఏ ఇంటివాళ్ళ గురించో ఆయన కూడా ఎవరో చెప్పేదాకా ఆగుతున్నాడు.

వర్తక సంఘం హాలు బ్యాంకు పైన ఉంది. పన్నెండయ్యేసరికి నిండిపోయింది. వేదిక మీద బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద ఒక దీపం, దీపం వెనక ఫొటో ఉండవలసిన ఖాళీ. ఆ ఖాళీని అందరూ భక్తిగా చూస్తున్నారు. బ్యాంకు మేనేజరు రుమాలు చేతిలో పట్టుకుని, ఎవరైనా మొదలుపెడితే తనూ కళ్ళు తుడుచుకుందామని చుట్టూ చూస్తున్నాడు. అద్దాలాయన కూతురు పక్క వరసలో కూర్చుంది.

అద్దాలాయన మైకు స్టాండు ముందుకొచ్చి కళ్ళజోడు తీశాడు. కళ్ళు తుడుచుకుని దాన్ని జేబులో పెట్టుకున్నాడు. దుఃఖంలో ఉన్న మనిషి కళ్ళజోడుతో బాగుండడని ఆయన అభిప్రాయం. అది లేకపోతే ఆయనకు మనుషులు మబ్బుల్లా కనిపిస్తారు. హాలంతా మబ్బు పట్టింది.

"ఆయన గురించి నేను చెప్పేదేముంది" అని మొదలుపెట్టాడు. "పైకి కఠినంగా కనిపించేవారు. లోపల వెన్న. ఇంత వీధిలో ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఆయన గొంతు పెంచక్కర్లేదు, చూస్తే చాలు."

తలుపు దగ్గర ఏదో కదిలింది. ఒక పొడుగాటి మబ్బు నెమ్మదిగా నడిచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళో పెద్ద పూలదండ లాంటిది ఉంది. పాపం, ఎవరో దగ్గరివాళ్ళు అనుకున్నాడు అద్దాలాయన. ఆ మబ్బు వైపే తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ చేతికర్ర టకటకమని వినిపిస్తే వీధికి ధైర్యం. ఇవాళ్టి నుంచి ఆ చప్పుడు లేదు."

హాలులో చిన్న కలకలం రేగింది. కొందరు ముందు వరస వైపు తొంగి చూశారు. వాళ్ళు చూసింది పెద్దాయననే. కానీ వీధిలో చేతికర్ర ఉన్న పెద్దమనిషి ఇంకెవరైనా ఉండి ఉండవచ్చు, తమకు గుర్తు రాకపోతే అది తమ తప్పు అనుకుని ఊరుకున్నారు. మైకు ఒక్కడు వేదిక పక్క నుంచి చేతులు రెండూ ఊపాడు. కూతురు నిలబడి "నాన్నా" అంది. మైకు చేతులూపడం కానివ్వమనే సైగ అనుకున్నాడు అద్దాలాయన. కూతురి పిలుపును మాత్రం బెంగ కింద లెక్కేశాడు. ఆ బెంగతోనే ఆయన నోట, ఉదయం పథకంలో లేని మాట వచ్చింది.

"నిన్న సాయంత్రం నా షాపుకి వచ్చారు. నా చెయ్యి పట్టుకున్నారు. 'ఏమయ్యా, ఆ మూల గది మీ అమ్మాయికే. నేనుండనీ, పోనీ, ఇది నా మాట' అన్నారు. అదే ఆయన ఆఖరి కోరిక అని నాకు అప్పుడు తెలియలేదు. వాళ్ళ అబ్బాయిలు ఇక్కడుంటే ఈ మాట గుర్తుపెట్టుకోవాలి."

హాలు వెనక గుమ్మం దగ్గర బూట్లాయన నిలబడి ఉన్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు చోటు దొరకలేదు. పోయింది పెద్దాయన అని ఆయనకు అప్పుడే తెలిసింది. ముందు వరసలో వీపులు తప్ప ఏమీ కనిపించడంలేదు. తెలిసిన బాధ ఒక క్షణం ఉండి, గది మాట వినగానే పోయింది.

"అబద్ధం!" అని అరిచాడు. "మొన్న నా షాపులో కూర్చుని నాకిస్తానన్నారు! బూట్లు తొడుక్కుంటూ అన్నారు!"

"బావా, సంతాప సభలో అబద్ధమాడతావా?"

"నువ్వాడుతున్నావు కదా, తోడుంటుందని!"

"మొన్న ఆయన ఊళ్ళోనే లేరు!"

"నిన్న ఆయన గుమ్మం దాటలేదు!"

"చచ్చిపోయిన మనిషి నోట్లో మాటలు పెడతావా?"

ముందు వరసలో ఎవరో దగ్గారు. ఒకసారి, పొడిగా. ఆ దగ్గు వీధిలో అందరికీ తెలుసు. కిరాయి ఆలస్యమైతే గుమ్మంలో వినిపించే దగ్గు అది. బూట్లాయన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అద్దాలాయన జేబులో చెయ్యి పెట్టి, కళ్ళజోడు తీసి, పెట్టుకున్నాడు. ముందు వరసలో మబ్బు విడిపోయి పెద్దాయన తేలారు, ఒళ్ళో దండతో సహా.

"కానివ్వవయ్యా" అన్నారు పెద్దాయన. "బాగా చెబుతున్నావు. వెన్న దాకా వచ్చావు."

అద్దాలాయన మైకు స్టాండును పట్టుకున్నాడు.

"కారులో వస్తూ షట్టర్లు చూశాను. సరే, సంతాపంలో మోగకూడదని ఫోన్ కట్టేసి, దండ కొందామని వెనక్కి తిరిగాను. పూల కొట్టు దగ్గర జనం. ఎవరి కోసమని ఎవరినీ అడగలేదు, బాగుండదని. ఇక్కడ కూర్చుని వింటుంటే పోయినవాడెవరో మంచివాడిలా ఉన్నాడే అనిపించింది. గది మాట వచ్చేదాకా అది నేనని తెలియలేదు."

హాలులో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఇంతకీ ఎవరు పోయారు?" అన్నారు పెద్దాయన.

ఆ వీధిలో ఆ ప్రశ్న పైకి వినిపించడం ఆ రోజు రెండోసారి. మైకు బ్యాంకు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు రుమాలు మడిచి మందుల షాపు వైపు చూశాడు. మందుల షాపు బూట్లాయన వైపు, బూట్లాయన అద్దాలాయన వైపు. అద్దాలాయనకు చూడటానికి ఎవరూ మిగల్లేదు.

అంతలో గుమ్మంలో ఒకతను పనిముట్ల సంచితో నిలబడి, బూట్లాయన భుజం మీది నుంచి తల లోపలికి పెట్టాడు.

"అద్దాల సార్ ఉన్నారా? షట్టరు ఇరుక్కుంది రమ్మన్నారు కదా, వచ్చా. ఇక్కడ చూస్తే వీధంతా ఇరుక్కుపోయినట్టుంది. ముందు ఎవరిది చెయ్యమంటారు?"

ఈసారి నవ్వారు. ముందు బ్యాంకు మేనేజరు, ఏడవడానికి దాచుకున్న ఊపిరంతా పెట్టి నవ్వాడు. తర్వాత హాలంతా. పెద్దాయన మాత్రం కర్ర ఆనించి లేచి, ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డారు.

"నా ఆఖరి కోరిక ఇద్దరికి చెప్పానట. నాకు ఒక్కరికి చెప్పిన గుర్తు కూడా లేదు. ఆ గది ఎవరికీ ఇవ్వను. రేపటి నుంచి నేనే కుర్చీ వేసుకుని అందులో కూర్చుంటాను. నేనుండగానే నా నోట ఇన్ని మాటలు పుట్టాయి. ఎదురుగా ఉంటే కాస్త తగ్గుతాయి."

అద్దాలాయన వేదిక దిగి కూతురి ముందు నిలబడ్డాడు. "బస్సులో కిటికీ పక్క సీటు అడగమ్మా" అన్నాడు.

ఆమె తండ్రిని దాటి పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"అంత గదిలో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారు తాతగారూ?"

"వీధి చూస్తాను."

"అలాగా. కిటికీలోంచి గడియార స్తంభం కనిపిస్తోంది కదా, టైమెంతయిందో చెప్పండి."

పెద్దాయన కిటికీ వైపు తిరిగారు. కళ్ళు చిట్లించారు. తల కాస్త పక్కకు వంచారు.

"పదకొండు కావస్తోంది" అన్నారు.

"ఒంటిగంట కావస్తోంది తాతగారూ."

"ఆ గడియారం ఎప్పుడూ ఆలస్యమే."

"వీధి చూడాలంటే ముందు వీధి కనపడాలి కదా. గదిలో సగం నాకివ్వండి. మిగతా సగంలో కూర్చుని చూద్దురుగాని. సాయంత్రంలోగా చెప్పాలి, లేకపోతే వేరే ఊరివాళ్ళ కళ్ళు చూడ్డానికి పోవాలి నేను."

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశారు. ఎంత కనిపించిందో ఆయనకే తెలియాలి.

"నిన్న నేను మీ నాన్న చెయ్యి పట్టుకున్నానా?"

"లేదండి. నిన్న సాయంత్రమంతా నేను షాపులోనే ఉన్నాను. మీరు రాలేదు."

"అమ్మా!" అన్నాడు అద్దాలాయన.

"సగం నీది" అన్నారు పెద్దాయన. "మీ నాన్న గుమ్మం దాటి లోపలికి రాకూడదు."

"రారండి."

"నేను ఇదన్నానని, అదన్నానని ఎక్కడా చెప్పకూడదు."

"చెప్పరండి."

"నిన్నడగలేదమ్మాయ్. ఆయన్ని అడిగాను."

అద్దాలాయన తల ఊపాడు. ఆసుపత్రివాళ్ళకు ఆమె హాలు మెట్లు దిగుతూనే ఫోన్ చేసింది. ఆ మాటలు వినడానికి అద్దాలాయన అవసరం లేకపోయినా రెండు మెట్లు వెనకే దిగాడు. బూట్లాయన కింద నిలబడి, "బావా, మనలో మన మాట, నీ అబద్ధం నాదాని కంటే నయం, చెయ్యి పట్టుకోవడం పెట్టావు" అన్నాడు.

వారం తిరిగేసరికి మూల గది మధ్యలో తెర కట్టారు. ఒక పక్క పరీక్ష కుర్చీ, ఇంకో పక్క పెద్దాయన కుర్చీ. ఆమె పరీక్షించిన మొదటి కళ్ళు పెద్దాయనవే. అద్దాలాయన తన షాపులో కూర్చుని అద్దాలు అరగదీసి, చట్రానికి బిగించి, కూతురి చేతికిచ్చి పంపి, తను గుమ్మం బయట ఆగాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నారు. వీధి చూశారు. గడియారం చూసి ఏమీ అనలేదు. ఆ తర్వాత గుమ్మం బయట నిలబడ్డ అద్దాలాయన ముఖాన్ని చాలాసేపు చూశారు.

"నిన్నటిదాకా నువ్వు కాస్త బాగుండేవాడివయ్యా" అన్నారు.